కర్నూలులో నైట్‌క్లబ్ క్రైమ్ డ్రామా: చోటు, చప్పుడు, చీకటి, గల్లాపెట్టె

ప్రశ్న ఇదీ: చేతిలో 12 లక్షలున్నాయి, 16 రోజుల షూటింగ్, గంటన్నర సినిమా. కథంతా ఒక నైట్‌క్లబ్ చుట్టూ తిరుగుతుంది. కర్నూలులో ఉంటున్నారు, ఊళ్లో బార్లున్నాయి గానీ సినిమాకు పనికొచ్చే నైట్‌క్లబ్ లేదు. సెట్టు వేసుకోవాలా, హైదరాబాదో బెంగళూరో పోయి క్లబ్బు అద్దెకు మాట్లాడుకోవాలా అని అడిగారు.

రెండూ వద్దు. హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. యూనిట్ మొత్తాన్ని తరలించి, లాడ్జీల్లో పెట్టి, రెండు పూటలా తిండి పెట్టేసరికి డబ్బు దారిలోనే అయిపోతుంది. పైగా రాత్రి వాళ్ల వ్యాపారం నడుస్తుంది కాబట్టి క్లబ్బువాళ్లు మీకిచ్చేది పగలు నాలుగైదు గంటలే. ఆ కాస్త టైములో లైట్లు కట్టడానికే సగం పోతుంది. సెట్టు విషయానికొస్తే, తక్కువ డబ్బుతో వేసిన సెట్టు తెరమీద తక్కువ డబ్బుతో వేసిన సెట్టులాగే కనిపిస్తుంది.

ముందు స్క్రిప్టు తీసి, డ్యాన్స్ ఫ్లోర్ మీద ఎన్ని నిమిషాలు నడుస్తోందో లెక్కేయండి. 90 నిమిషాల్లో 8 నిమిషాలు దాటితే తగ్గించండి. మిగతా కథను క్లబ్బు వెనక్కి నెట్టండి: గల్లాపెట్టె గది, సరుకు గది, వంటగది, మెట్లు, బాత్రూం ముందు సందు, మిద్దె, పార్కింగ్. ఇవన్నీ ఊళ్లో దొరుకుతాయి. గోడ అవతల పాట దడదడలాడుతుంటే ఇవతల ఇద్దరు మనుషులు డబ్బు లెక్క తేల్చుకోవడం చూసినప్పుడే ప్రేక్షకుడు క్లబ్బును నమ్ముతాడు. వందమంది ఎగరడం చూసి కాదు.

ఇంకో మాట. సీమలో 'క్లబ్బు' అంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది పేకాట క్లబ్బు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. ఆ తీర్పు ఆసరాతో నడిచిన రిక్రియేషన్ క్లబ్బులు, వాటి వెనక గదులు, అనంతపురం, కడప వైపు మట్కా చీటీలు రాసే బీటర్లు, ఇదంతా మన దగ్గరున్న నేర ప్రపంచం. పేకాట క్లబ్బు తన చేతికొచ్చాక ఓనరు కొడుకు డీజే పెట్టి దాన్ని 'లౌంజ్'గా మార్చాడనుకోండి. ఊరికి సరిపడే నైట్‌క్లబ్ కథలోనే పుడుతుంది. వేటకొడవళ్లు, సుమోలు పెట్టొద్దని నా గట్టి సలహా. డబ్బు తక్కువైనప్పుడు వాటికీ ఖర్చే, చూసేవాడికి విసుగే.

నేరం ఎక్కడ మొదలవ్వాలి? గల్లాపెట్టె దగ్గర. 750 మిల్లీలీటర్ల సీసాకు 30 మిల్లీ పెగ్గులు 25 వస్తాయి. కౌంటర్‌లో పోసేవాడు కొలతలో 3 మిల్లీ కొట్టి 27 మిల్లీ మాత్రమే పోస్తే 27 పెగ్గులొచ్చి, ఇంకా 21 మిల్లీ అడుగున మిగులుతుంది. అంటే సీసాకు రెండు పెగ్గులు దొంగసొమ్ము. రాత్రికి 40 సీసాలు విప్పితే 80 పెగ్గులు. ఆ 80 పెగ్గులకు బిల్లుండదు, డబ్బు మాత్రం ఉంటుంది. అది పోసేవాడికెంత, క్యాషియర్‌కెంత, చూసీ చూడనట్టుండే మేనేజర్‌కెంత? మీ మొదటి అరగంట సినిమా ఇక్కడే ఉంది. తర్వాతి మెట్టు ఖాళీ అయిన ఖరీదైన సీసాలో చౌక సరుకు నింపడం. ఆ తర్వాతిది పన్ను కట్టని సరుకు, ఎక్సైజ్ వాళ్ల మాటల్లో ఎన్‌డీపీఎల్. కర్నూలు జిల్లాకు ఒకవైపు కర్ణాటక, ఒకవైపు తెలంగాణ. మంత్రాలయం వైపు మాధవరం చెక్‌పోస్టు, హైదరాబాదు దారిలో పంచలింగాల చెక్‌పోస్టు పేర్లు జిల్లాలో అందరికీ తెలిసినవే. సరుకు ఏ రాష్ట్రంలో అమ్మడానికో సీసా మీద అచ్చేసి ఉంటుంది. ఆ ఒక్క లేబుల్ తెరమీద రెండు సెకన్లు కనిపిస్తే చాలు, ఒక్క డైలాగు లేకుండా కథ మలుపు తిరుగుతుంది.

పోలీసు సీన్లలో ఎక్కువమంది తప్పు చేసేది సెక్షన్ల దగ్గర. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత జరిగిన హత్యకు '302 కేసు' అనకూడదు, అది 103. మోసానికి 420 కాదు, 318. జనం నోట ఇంకా 302, 420 అనే వస్తాయి, అది సహజం. ఎస్సై రాసే కాగితంలో మాత్రం కొత్తవే ఉండాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు వీడియో తీయాలి. కాబట్టి దాడి సీన్‌లో ఒక కానిస్టేబుల్ చేతిలో సెల్‌ఫోన్ పట్టుకుని తీస్తూ ఉండాలి. మధ్యవర్తులుగా వచ్చిన వీఆర్వో ఒక మూల కుర్చీలో కూర్చుని పంచనామా మీద సంతకాలు పెడుతుంటే మన ఊరి దాడి అచ్చం అలాగే ఉంటుంది. గంజాయి కథైతే పరిమాణం చూసి రాయండి: కిలో వరకు తక్కువ పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఎండీఎంఏ అనే మత్తుమందుకు అవే అర గ్రాము, 10 గ్రాములు. మధ్యలో ఉన్నదానికి వేరే శిక్ష. బెయిలు దొరకడం దొరకకపోవడం ఎక్కువగా ఈ అంకెల మీదే ఆధారపడుతుంది. కథలో లాయర్ మాట్లాడాల్సింది ఇదే.

ఇక చోటు. పెళ్లిళ్లు లేని రోజులు చూసుకోండి. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి, షామియానా సప్లయర్స్‌కూ డీజే సౌండ్, లైటింగ్ వాళ్లకూ పనుండదు. పార్ లైట్లు (రంగు లైట్లు), షార్పీలు (సన్నటి కిరణం కొట్టే లైట్లు), ట్రస్సు (లైట్లు తగిలించే చట్రం), స్మోక్ మెషీన్, సబ్ బాక్సులు (దెబ్బ మోగే పెద్ద స్పీకర్లు) అన్నీ గోడౌన్‌లో పడి ఉంటాయి. సీజన్‌లో ఒక రాత్రికి అడిగే డబ్బుకు అప్పుడు మూడు నాలుగు రోజులు మాట్లాడుకోవచ్చు. సామానుతో పాటు దాన్ని నడిపే కుర్రాణ్నీ మాట్లాడుకోండి. ఆ బోర్డు మీద అతనికున్న చెయ్యి మీ కెమెరామన్‌కుండదు.

హాలు మొత్తం వద్దు. కింద భోజనాల హాల్లో సగం, లేదంటే కమర్షియల్ కాంప్లెక్స్ సెల్లార్ తీసుకోండి. 30 అడుగులకు 40 అడుగుల చోటు ఎక్కువే. సెల్లార్‌లో స్తంభాలుండటం మంచిది. వాటి వెనక లైటు దాగుతుంది, ముందునుంచి మనిషి నడిస్తే లోతు వస్తుంది, అవతల జనం లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది. గోడలకు నల్ల గుడ్డ కట్టండి. మెరిసే శాటిన్ కాదు, మెరవని ముతక గుడ్డ. రేకుల షెడ్డు జోలికి పోవద్దు. ఆషాఢంలో ఒక్క జల్లు పడితే సౌండంతా పోతుంది. సెల్లార్ అయితే వాన నీళ్లు ఎటునుంచి దిగుతాయో ముందురోజే వాచ్‌మన్‌ని అడగండి.

కౌంటర్ పైన ప్లైవుడ్‌కు రంగేసి మోసం చేయకండి, దగ్గరి షాట్‌లో తెలిసిపోతుంది. పాలిష్ చేసిన నల్ల కడప బండ వేయండి. మన దగ్గర ఇంతకంటే చవకైన, ఇంతకంటే అందమైన బార్ కౌంటర్ లేదు. తడిగుడ్డతో తుడిస్తే పైనున్న ప్రతి రంగూ అందులో నీడలా తేలుతుంది. బరువు మాత్రం లెక్కేసుకోండి: 20 మిల్లీమీటర్ల మందం, రెండున్నర మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పున్న బండ దాదాపు 80 కిలోలు తూగుతుంది. రీపర్ల చట్రం నిలవదు. సిమెంటు ఇటుకలు పేర్చి దానిమీద రెండు ముక్కలుగా పరవండి, ముందువైపు ప్లై షీటు కట్టేస్తే ఇటుకలు కనిపించవు.

కరెంటు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే షూటింగులు ఆగిపోయేది ఇక్కడే. 15 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర 3,450 వాట్లు మోస్తుంది. మీరు 2,700 దాటించకండి. 1,500 వాట్ల స్మోక్ మెషీన్ ఒక్కటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కినప్పుడల్లా ఆన్ ఆఫ్ అవుతూ అదే లైన్ మీదున్న లైట్లను మినుకుమనిపిస్తుంది. దానికి వేరే లైన్ ఇవ్వండి. ఎంసీబీ పడిపోతోందని తీగ చుట్టి బైపాస్ చేస్తానన్న ఎలక్ట్రీషియన్‌ని ఆ రోజే పంపించేయండి.

సెల్లార్‌కు రెండు దారులుండాలి, రెండూ షూటింగ్ అయ్యేదాకా తెరిచే ఉండాలి. పెళ్లిళ్లలో వధూవరులు వచ్చేటప్పుడు కొట్టే కోల్డ్ ఫైర్ లోపల వద్దే వద్దు. పేరులో చల్లదనం ఉన్నా గుడ్డను అంటిస్తుంది. సౌండ్ కోసమని గోడలకు మామూలు ఫోమ్ షీట్లు కూడా కట్టొద్దు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్ స్టేజీ మీద కాల్చిన బాణసంచా గోడల ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. మంటను మించి ప్రాణం తీసింది పొగ, ఒకే తలుపు వైపు తొక్కుకున్న జనం. మీ జూనియర్ ఆర్టిస్టులు మీ మాట నమ్మి కిందికి దిగుతున్నారు. రెండు మంట ఆర్పే సిలిండర్లు, మెయిన్ బోర్డు దగ్గర ఒక మనిషి, అంతే.

లైట్ల దగ్గరికొద్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేములకు తీస్తే షట్టర్ సెకనులో 50వ వంతు, 24 ఫ్రేములకు తీస్తే షట్టర్ కోణం 172.8 డిగ్రీలు పెట్టండి. ట్యూబులైట్ల మినుకు దీంతో పోతుంది. చవక ఎల్‌ఈడీ పార్ లైట్లది వేరే జబ్బు. వాటిని తగ్గించినప్పుడు వెలుగు నిజంగా తగ్గదు, చాలా వేగంగా వెలిగి ఆరుతూ ఉంటుంది. కంటికి తెలియదు, కెమెరాలో మాత్రం అడ్డచారలు పాకుతాయి. అందుకే పార్ లైట్లను నిండుగా వెలిగించే ఉంచి, దూరం జరిపో ముందు బటర్ పేపర్ కట్టో తగ్గించండి. స్ట్రోబ్ కొడితే సగం ఫ్రేము తెల్లగా, సగం నల్లగా రావడం కూడా సెన్సర్ వరుసల వారీగా చదవడం వల్లే. స్ట్రోబ్ ఒక్క షాట్‌కు మించి వాడొద్దు, అదీ మూర్ఛ ఉన్నవాళ్లు గుంపులో లేరని అడిగి తెలుసుకున్నాకే. లేజర్ కిరణం ఒక్కసారి లెన్సులోకి నేరుగా దిగితే సెన్సర్ మీద శాశ్వతంగా చుక్క పడిపోతుంది. అద్దె కెమెరా అయితే మీ బడ్జెట్ అక్కడితో సరి.

సోనీ ఎఫ్‌ఎక్స్3 లేదా ఏ7ఎస్3 అద్దెకు తీసుకుంటే ఎస్‌లాగ్3లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా రికార్డు చేసే పద్ధతి) వాటి బేస్ ఐఎస్ఓలు, అంటే సెన్సర్ శుభ్రంగా పనిచేసే మెట్లు, రెండు: కింది మెట్టు 640 నుంచి 800 దగ్గర, పై మెట్టు 12,800. మధ్యలో 6,400 పెట్టి చీకట్లో గింజలు (నాయిస్) వచ్చాయని బాధపడేవాళ్లు చాలామంది. 12,800కు పోయి లైటు తగ్గించుకోవడమే శుభ్రం. రంగులు రెండే వాడండి. నిండు నీలం మొహం మీద పడితే కెమెరా పట్టే ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క నీలం ఛానెలే నిండిపోయి చర్మంలో వివరం మిగలదు, తర్వాత కలరిస్టు చేయగలిగింది కూడా ఏమీ ఉండదు. వెనక నీలమో మెజెంటానో పెట్టుకుని, మొహానికి మాత్రం ఎప్పుడూ ఒక వెచ్చటి బల్బు వెలుగు దొరికేలా చూడండి: కౌంటర్ మీద దీపం, ఫ్రిజ్ తలుపు, సిగరెట్ పెట్టెలమ్మే గూటి బల్బు. మన మేనిరంగుకు ఆ పసుపు చాలా అందం.

పొగ ఒకేసారి కొట్టి షాట్ తీయకండి. స్మోక్ మెషీన్ నుంచి దట్టంగా ఉండలా వస్తుంది. 15, 20 నిమిషాల ముందే కొట్టి, ఫ్యాను తిప్పి పరచనివ్వండి. పల్చటి తెరలా నిలిచాక మొదలుపెట్టి, షాట్‌కూ షాట్‌కూ మధ్య అదే పల్చదనం ఉంచండి. లేకపోతే ఎడిటింగ్‌లో ఒక కట్‌లో పొగ, తర్వాతి కట్‌లో మాయం. సాంబ్రాణి కుండ పాత పద్ధతే గానీ, మూసిన సెల్లార్‌లో గంటలకొద్దీ గొంతులు మండుతాయి. డ్రై ఐస్ అయితే ఇంకా వద్దు. అది కార్బన్ డయాక్సైడ్, గాలికంటే బరువు, సెల్లార్ నేలమీద చేరి ఊపిరాడనివ్వదు.

అన్నిటికంటే ముఖ్యం సౌండ్. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. డ్యాన్స్ ఫ్లోర్ సీన్‌లో పాట మోగుతుండగా డైలాగు రికార్డు చేస్తే అది దేనికీ పనికిరాదు. పద్ధతి ఇదీ: జనం లయ పట్టేదాకా పాట నిండుగా వేయండి, తర్వాత పాట ఆపేసి, సబ్ బాక్సులో 40 హెర్ట్జ్ దగ్గర ఒట్టి 'దబ్ దబ్' దెబ్బ మాత్రం వినిపించండి. వెనక జనం దానికే ఊగుతారు. తర్వాత ఎడిటింగ్‌లో 80 హెర్ట్జ్ కిందున్న శబ్దాన్ని కోసేస్తే ఆ దెబ్బ పోయి మాట మిగులుతుంది. జనాన్ని చెప్పులు విప్పి ఆడమనండి, చప్పట్లు గాల్లోనే కొట్టమనండి. ఏసీ ఆఫ్.

ఇంతా చేసి కూడా సీను చచ్చిపోయే కారణం ఒకటుంది. పాట లేని నిశ్శబ్దంలో నటులు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేస్తారు. తర్వాత పాట కలిపాక, అంత మోతలో ఇంత మెల్లగా మాట్లాడితే అవతలివాడికెలా వినబడిందని చూసేవాళ్లకు అనుమానమొస్తుంది. ప్రతి టేకుకు ముందు పది సెకన్లు పాట నిండుగా వేసి, ఆ మోతలోనే మొదటి డైలాగు చెప్పించి, పాట ఆపి అదే గొంతుతో కొనసాగించమనండి. చెవి దగ్గరికి వంగడం, సగం మాట వినబడక 'ఆఁ?' అనడం, చేత్తో సైగ చేయడం, ఇవన్నీ ముందే రిహార్సల్‌లో పెట్టుకోండి. నేరం మాట్లాడుకునే సీన్‌లో వినబడకపోవడమే పెద్ద నాటకం.

పాట సొంతంగా చేయించుకోండి. బార్‌కు పాటలు వేసుకునే లైసెన్సు ఉన్నంత మాత్రాన మీ సినిమాలో ఆ పాట వాడే హక్కు రాదు. స్వరరచన హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు, రెండూ కొనాలి. చేయించేటప్పుడు వేగం లెక్క చెప్పండి: 24 ఫ్రేములకు తీస్తే నిమిషానికి 120 దెబ్బలు, 25కు తీస్తే 125. రెండింట్లోనూ దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు పడతాయి, ఎడిటర్ కట్లన్నీ లయమీద కూర్చుంటాయి. మీ క్లబ్బు కర్నూలుదే అయితే పాశ్చాత్య పాటలకంటే తప్పెట దెబ్బ మీద కట్టిన ఎలక్ట్రానిక్ బీటు నిజంగా ఉంటుంది.

జనం 30 మంది చాలు, అందరూ 18 నిండినవాళ్లే. 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, కెమెరాకు రెండడుగుల ముందు నలుగురి భుజాలు నల్లగా అడ్డం రానిచ్చి, మధ్యలో నటులు, వెనక మిగతావాళ్లను మూడు వరసలుగా నిలపండి. చొక్కాలు రెండేసి తెచ్చుకోమనండి. ఆడపిల్లల్ని ఈ సీన్లకు పిలిచేటప్పుడు ఏ బట్టలు, ఏ షాట్, ఎవరు పక్కన ఉంటారు అనేది ముందే చెప్పి ఒప్పుకున్నాకే రమ్మనండి. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది, రాత్రి ఇంటిదాకా బండి ఏర్పాటు చేయండి. బెదురుతున్న మనిషి మొహం ఏ లైటుకూ దాగదు, ఆ మాట పక్కనబెట్టినా ఇది చేయాల్సిన పనే.

గ్లాసుల్లో అసలు మందు వద్దు, ఎనిమిదో టేకుకు నటుడు మిగలడు. పల్చటి టీ డికాక్షన్ విస్కీ, గ్యాసు పోయిన కోలా రమ్ము, ఆపిల్ రసంలో సోడా కలిపి చిటికెడు ఉప్పేస్తే నురగతో బీరు. ఐసు ముక్కలు ప్లాస్టిక్‌వి. అసలువి కరగడం ఒక బాధ, గలగలమని డైలాగు మీద పడటం ఇంకో బాధ. పగలగొట్టే సీసాకు పంచదార గాజు చేసుకోవచ్చు: రెండు పాళ్లు పంచదార, ఒక పాలు నీళ్లు, అర పాలు లిక్విడ్ గ్లూకోజ్, 150 డిగ్రీలకు పాకం. వానాకాలం గాలిలో తేమకు ఒక్క పూటలో బంకసాగుతుంది కాబట్టి షాట్ ఉన్న రోజు పొద్దునే పోసి, డబ్బాలో బియ్యం మూటతో మూసిపెట్టండి. లేబుళ్లు సొంతవి అచ్చేయించండి.

భాష ఊరిదే ఉండనివ్వండి. అనంతపురం మనిషి 'ఏమప్పా' అంటాడు, కర్నూలు మనిషి 'ఏందిబ్బా' అంటాడు, పాతబస్తీ కుర్రాడి నోట 'నక్కో' దొర్లుతుంది, కడపవాడు 'యాడికి పోతాండావ్' అంటాడు. బౌన్సర్ ఏ ఊరివాడో మొదటి మాటకే తెలిసిపోవాలి. డబ్బింగ్‌లో ఈ యాస చచ్చిపోతుంది. సౌండ్ మీద డబ్బు పెట్టమన్నది అందుకు కూడా.

సెన్సార్ సంగతి క్లుప్తంగా: థియేటర్‌లో వేయాలంటే హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయం సర్టిఫికెట్ కావాలి. 2023 సవరణ తర్వాత యూఏలో 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లున్నాయి. 'ఏ' వస్తే టీవీ హక్కులు పోయినట్టే కాబట్టి యూఏ 16కు సరిపడా రాసుకోండి. సిగరెట్ ఒక్కటి కనిపించినా మొదట్లో, మధ్యలో హెచ్చరికలు, ఆ సీన్ కింద అక్షరాలు తప్పవు. మీ గదినిండా ఎలాగూ పొగ ఉంది, సిగరెట్లు తీసేయండి. బొమ్మ తుపాకీతో బయట తీసే రోజు లోకల్ స్టేషన్‌లో ముందే కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు జేబులో పెట్టుకోండి.

16 రోజుల్లో డ్యాన్స్ ఫ్లోర్‌ను మూడో రోజు, నాలుగో రోజు పెట్టండి. అందరూ చివరికి దాచుకుంటారు, అది తప్పు. చివర్లో తీసి చెడిపోతే, అప్పటికి శ్రావణం వచ్చేసి హాలుకు పెళ్లి ముహూర్తాలు పడిపోయి ఉంటాయి, లైటింగ్ వాళ్లు ఫోనెత్తరు. నాలుగో రోజు రాత్రికే ఫుటేజీ రఫ్‌గా కట్ చేసి పాట వేసి చూసుకోండి. చారలు, గొంతుల తేడా, పొగ తేడా ఉంటే ఐదో రోజు అదే గదిలో సరిచేసుకోవచ్చు. అది కుదిరాక గుడ్డలు విప్పేముందు అందర్నీ బయటికి పంపి, ఖాళీ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత పాట మళ్లీ నిండుగా వేసి, మైకు పట్టుకుని మెట్ల మీద ఒకసారి, బాత్రూం తలుపు మూసి ఒకసారి, వీధిలో షట్టర్ అవతల ఒకసారి, మిద్దెమీద ఒకసారి, మూడేసి నిమిషాలు తీసుకోండి. మిగతా 12 రోజులు మీరు ఏ గదిలో తీసినా, గోడ అవతల క్లబ్బు ఉన్నట్టు వినిపించేది ఆ నాలుగు రికార్డింగులే.